సెమిస్టర్ అయిపోయింది... రైలు కదిలింది!

ఐదుగురు స్నేహితులు... నాలుగు దేశాల పాస్‌పోర్టులు... పది రోజుల గడువున్న రైలు పాసు. విదేశీ చదువు పూర్తయ్యాక ఇంటి విమానం ఎక్కేలోపు యూరప్‌ను చుట్టి వస్తే ఎలా ఉంటుంది? ఆ ముచ్చట్లే ఇవి!

జులై ఆఖరు వచ్చిందంటే జర్మనీ యూనివర్సిటీ హాస్టళ్లలో ఒకటే హడావుడి. పరీక్షలు అయిపోతాయి. వంటింట్లో ఏ గిన్నె ఎవరిదో తేల్చుకుంటారు. సైకిళ్లు అమ్మకానికి పెడతారు. మునిసిపల్ ఆఫీసుకెళ్లి 'ఊరు వదిలి వెళ్తున్నాం' అని రాసిచ్చి రావాలి. గది తాళం అప్పగించి అడ్వాన్సు వెనక్కి తీసుకోవాలి. ఇవన్నీ అయ్యాక విదేశీ విద్యార్థి చేతిలో మిగిలేవి రెండే... కాస్త డబ్బు, వీసా గడువులో కొన్ని రోజులు. ఆ రెండూ కలిస్తే ఓ ప్రయాణం అవుతుంది.

2014 వేసవిలో మాకూ అలాగే కలిశాయి. జర్మనీకి నైరుతి మూలన ఉన్న ఫ్రైబర్గ్‌లో మేం ఒక సెమిస్టర్ చదువుకున్నాం. 1457లో పెట్టిన పాత యూనివర్సిటీ అది. ఊరు చిన్నది, ముచ్చటైంది. వీధుల పక్కన రాతి కాలువల్లో పిల్ల ఏరులు గలగలా పారుతుంటాయి. వాటిలో పొరపాటున కాలు వేస్తే ఆ ఊరివాళ్లనే పెళ్లి చేసుకోవాల్సి వస్తుందట! అది అక్కడివాళ్ల నమ్మకం. మాలో అందరూ ఒక్కసారైనా కాలు వేసినవాళ్లమే. ఎవరికీ పెళ్లి మాత్రం కాలేదు.

విద్యార్థులను ఒక దేశం నుంచి మరో దేశానికి పంపే యూరప్ పథకానికి 'ఎరాస్మస్' అని పేరు. 1987లో 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులతో మొదలైంది. ఆ పేరు 16వ శతాబ్దపు డచ్ పండితుడిది. దేశదేశాలు తిరుగుతూ చదువుకున్నవాడు, చదువు చెప్పినవాడు. చిత్రం ఏమిటంటే ఆయన 1529 నుంచి 1535 దాకా ఉన్నది ఫ్రైబర్గ్‌లోనే. మేం రోజూ కాలేజీకి వెళ్లే దారికి దగ్గర్లోనే ఆయన ఉన్న ఎర్రరంగు ఇల్లు ఇప్పటికీ ఉంది.

'పైసపైసకు లెక్క రాయి'

మా బృందంలో స్పెయిన్ కుర్రాడొకడు, సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు, బ్రెజిల్ అబ్బాయి ఒకడు. నేను గోదావరి జిల్లా దాన్ని. ఐదో వాడు వరంగల్ నుంచి వచ్చిన ఇంజినీరింగ్ తమ్ముడు. నాకంటే రెండేళ్లు చిన్న. నన్ను 'అక్కా' అని పిలిచేవాడు.

అందరిలో ప్రయాణానికి వెనకాడింది అతనే. ఖర్చులకు బ్యాంకులో అప్పు తీసుకుని వచ్చాడు. నాన్నకు ఊళ్లో చిన్న కిరాణా కొట్టు. అప్పు డబ్బుతో షికార్లేమిటని అతని బాధ. అప్పట్లో యూరో అంటే దాదాపు 80 రూపాయలు. కాఫీ తాగినా మనసులో 80తో గుణించుకునే అలవాటు మా ఇద్దరికీ ఉండేది. వారం రోజులు తర్జనభర్జన పడి, చివరికి ఓ ఆదివారం ఇంటికి ఫోన్ చేశాడు. తండ్రి కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత అన్నది ఇదీ...

"మళ్ల అంత దూరం పోవుడు ఉంటదో ఉండదో. చూసి రా బిడ్డా. కాకపోతే పైసపైసకు లెక్క రాయి."

అంతే! మర్నాడే వంద పేజీల నోటుబుక్ కొన్నాడు. దాని ధర కూడా మొదటి పేజీలో మొదటి పద్దుగా రాశాడు.

ఇక డబ్బు పోగు చేసే పని. జర్మనీలో ఖాళీ సీసాలు పారేయరు. దుకాణంలో మెషీన్‌లో వేస్తే ప్లాస్టిక్ సీసాకు 25 సెంట్లు వెనక్కి వస్తాయి. గాజు సీసాలకు కాస్త తక్కువ. ఆ జులైలోనే ప్రపంచకప్ ఫుట్‌బాల్. సెమీఫైనల్లో జర్మనీ 7-1తో బ్రెజిల్‌ను చిత్తు చేసిన రాత్రి మా బ్రెజిల్ మిత్రుడు గది తలుపు తీయలేదు. జులై 13న జర్మనీ కప్పు గెలిచాక మాత్రం హాస్టల్ వంటింట్లో సీసాల గుట్ట చూసి అతనే ముందుగా సంచి పట్టుకొచ్చాడు. 'నా దేశం ఓడినందుకు పరిహారం' అంటూ ఏరాడు. ముప్ఫై యూరోలకు పైనే వచ్చాయి!

ఆ డబ్బుకు మా పొదుపు కలిపి ఇంటర్‌రైల్ పాసులు కొన్నాం. యూరప్‌లో నివసించేవారి కోసం 1972లో మొదలైన రైలు పాసు ఇది. మొదట్లో 21 ఏళ్ల వరకు వయసున్నవారికే ఇచ్చేవారు. తర్వాత అందరికీ వచ్చింది. మేం తీసుకున్నది పది రోజుల గడువులో ఏవైనా ఐదు రోజులు రైలెక్కే రకం. పెద్ద పెట్టెలు ఓ సహవిద్యార్థి గదిలో ఉంచి, తలా ఒక వీపు సంచితో జులై 28 ఉదయం బయల్దేరాం. సంచుల్లో బట్టల కంటే బియ్యం, పప్పు, పాస్తా ఎక్కువ. మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి చివరి సీసా నా సంచిలో!

చేప సంచీలో బట్టలు

మొదటి మజిలీ స్విట్జర్లాండ్‌లోని బాసెల్. ఫ్రైబర్గ్ నుంచి గంటలోపే. జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ మూడూ కలిసేది ఇక్కడే. ఊరి మధ్య నుంచి రైన్ నది పారుతుంది. సాయంత్రం ఐదున్నరకు ఆ ఒడ్డున చూడాలి తమాషా! ఆఫీసులు వదిలాక జనం ఒడ్డునే బట్టలు మార్చుకుని, విప్పిన బట్టలు, చెప్పులు, ఫోను అన్నీ చేప ఆకారంలో ఉండే నీరు చొరబడని సంచీలో వేసి, మూతి ఏడు మడతలు పెట్టి బిగించి నదిలోకి దిగిపోతారు. ఆ సంచినే పట్టుకుని ప్రవాహంతో పాటు తేలుతూ ఊరి కిందికి వెళ్లి, అక్కడ గట్టెక్కుతారు. కొందరైతే ఇల్లు చేరేది అలాగే. గోదావరి గట్టున పెరిగిన నాకు నది అంటే పుష్కరాలు, లాంచీలు, వరదలే. నదిని సిటీబస్సులా వాడటం మొదటిసారి చూశాను. ముగ్గురు మిత్రులు దూకేశారు. మేమిద్దరం మెట్ల మీద కూర్చుని వాళ్ల చెప్పులకు కాపలా కాశాం.

ఊరి పెద్ద చర్చిలో ఎరాస్మస్ సమాధి ఉంది. ఫ్రైబర్గ్ నుంచి 1535లో ఇక్కడికి తిరిగొచ్చి, మరుసటేడే కన్నుమూశాడు. ఆ పథకం కిందే చదువుకున్న స్పెయిన్ మిత్రుడు ఆ రాతి ముందు ఓ నిమిషం నిలబడి 'థాంక్స్ మాస్టారూ' అన్నాడు. నవ్వులాటగా అన్న మాటే అయినా ఆ తర్వాత ఎవరం నవ్వలేదు. అప్పట్లో స్పెయిన్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్న యువతలో సగానికి పైగా నిరుద్యోగులే. తిరిగెళ్లాక ఏం చేయాలన్నది అతనికే తెలీదు.

స్విట్జర్లాండ్‌లో హోటల్ మెనూ చూస్తే ధరలకే కడుపు నిండిపోతుంది. హాస్టల్ వంటింట్లో అన్నం, పప్పు వండాం. బ్రెజిల్ వాళ్లకూ రోజూ అన్నం, చిక్కుడు గింజల కూర ఉండాల్సిందేనట. గోంగూర కలుపుకొని రెండో ముద్దకే కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. అయినా మూడో ముద్ద మానలేదు!

ఒకే చర్చి... మూడుసార్లు

బాసెల్ నుంచి ఇటలీకి వెళ్లేందుకు లూసర్న్ మీదుగా గోథార్డ్ కొండల దారి పట్టాం. మన సినిమా పాటల్లో చూసిన పచ్చికబయళ్లు, మంచుకొండలు కిటికీ పక్కనే పరుగెత్తుతుంటాయి. అసలు వింత వాసెన్ అనే చిన్న పల్లె దగ్గర. కొండ మీద తెల్లటి చర్చి మొదట మన తలకంటే ఎత్తున కనబడుతుంది. రైలు కొండలోని సొరంగంలో గుండ్రంగా తిరిగి బయటికొస్తే అదే చర్చి మన ఎదురుగా! ఇంకో చుట్టు తిరిగొస్తే ఈసారి మన కాళ్ల కింద! నిటారు కొండను రైలు ఒక్కసారిగా ఎక్కలేదు కాబట్టి, పట్టాలను కొండ లోపలే స్ప్రింగులా చుట్టారు.

ఆ పైన 15 కిలోమీటర్ల సొరంగం. 1882లో ప్రారంభమైంది. తవ్వినవారిలో అత్యధికులు ఇటలీ నుంచి వచ్చిన పేద కూలీలు. దాదాపు 200 మంది ఆ పనిలో ప్రాణాలు కోల్పోయారు. మనం పావుగంటలో దాటేసే చీకటి వెనుక అంత కథ ఉంది. 2016లో కొండ అడుగు నుంచి 57 కిలోమీటర్ల కొత్త సొరంగం తెరిచారు. వేగంగా వెళ్లే రైళ్లు ఇప్పుడు అందులోంచే పోతాయి. వాసెన్ చర్చిని చూడాలంటే పాత కొండదారిలో నడిచే రైలే ఎక్కాలి. సమయం ఎక్కువ పట్టినా ఆ దారే ఎంచుకోండి.

ఈ దారిలోనే ఒకచోట యూనిఫాంలో ఉన్న ఇద్దరు బోగీలోకి వచ్చారు. ఐదుగురిలో కాగితాలు అడిగింది మమ్మల్నిద్దరినే. చూసి, మర్యాదగా తిరిగిచ్చి వెళ్లిపోయారు. రెండు నిమిషాల పనే. కానీ తర్వాత చాలాసేపు బోగీలో మాటల్లేవు. సెర్బియా అమ్మాయే మొదట నోరు విప్పింది. '2009 డిసెంబరు దాకా మాకూ వీసా కావాల్సిందే. మా అమ్మ క్యూలో నిలబడటం నాకు గుర్తు' అంది. ఆ అమ్మాయికి ఇప్పుడు పర్యటనకు వీసా అక్కర్లేదు. బ్రెజిల్ మిత్రుడికీ అక్కర్లేదు. స్పెయిన్ వాడికి అసలు అడిగేవారే లేరు. మా ఇద్దరికీ ఆగస్టు 10 వరకే అనుమతి. ఒకే బెంచీ మీద కూర్చుని పాఠాలు విన్నవాళ్లం... రైల్లో మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క!

మెట్లు దిగితే కాలువే

వెనిస్ స్టేషన్ బయటికి రాగానే ఎవరైనా ఓ క్షణం ఆగిపోతారు. ఆటోలు, బస్సులు ఉండాల్సిన చోట నీళ్లు. మెట్లు దిగితే పెద్ద కాలువే! వందకు పైగా చిన్న దీవులు, వాటిని కలుపుతూ నాలుగొందలకు పైగా వంతెనలు. అంబులెన్సూ పడవే, చెత్తబండీ పడవే, కూరగాయల బండీ పడవే.

అందరూ మోజుపడే గోండోలా పడవ షికారు మా బడ్జెట్‌కు అందేది కాదు. దానికీ ఓ ఉపాయం ఉంది. వంతెన దూరమైన చోట పెద్ద కాలువను అడ్డంగా దాటించే రేవు గోండోలాలు ఉంటాయి. మన గోదావరి రేవు పడవల్లాంటివే. రెండు యూరోలకు రెండు నిమిషాల ప్రయాణం. వరంగల్ తమ్ముడు రెండుసార్లు దాటాడు. 'పోయి వచ్చుడు: 4 యూరోలు' అని పద్దు రాశాడు. కాఫీకీ ఓ కిటుకుంది. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే అంతకు చాలా ఎక్కువ. ఇటలీ వాళ్లే నిలబడి తాగుతారు. మనకేం!

బస మాత్రం రైలు వంతెనకు ఇవతల ఉన్న మెస్త్రేలో. పది నిమిషాల దూరం, ఖర్చు చాలా తక్కువ. పొద్దున్నే రైలెక్కి వెళ్తుంటే ఆ బోగీ నిండా వెనిస్ హోటళ్లలో, దుకాణాల్లో పనిచేసేవాళ్లే. వాళ్లకూ ఆ ఊళ్లో ఉండే స్తోమత లేదు. 1950ల్లో లక్షా 70 వేలకు పైగా ఉన్న పాత నగరం జనాభా 2022 నాటికి 50 వేల కంటే తగ్గింది. ఇళ్లన్నీ టూరిస్టుల బసలు అవుతుంటే ఊరివాళ్లు ఎక్కడికి పోతారు? 2024 ఏప్రిల్ నుంచి రద్దీ రోజుల్లో ఒక్కపూట చూసిపోయే వారి నుంచి ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది అందుకే.

అన్నట్టు, ఎరాస్మస్ ఇక్కడికీ వచ్చాడు. 1508లో ఆల్డస్ అనే ప్రసిద్ధ ముద్రాపకుడి ఇంట్లో ఉండి తన సామెతల పుస్తకాన్ని అచ్చు వేయించుకున్నాడు. ఐదొందల ఏళ్ల కిందటే మా దారిలో ఓ విద్యార్థి నడిచాడన్నమాట.

వందేళ్ల తర్వాత ఒకే బల్ల

వెనిస్ నుంచి రాత్రి రైలు. ఓ రాత్రి బస ఖర్చు ఆదా అని ఎక్కాం. నిద్ర మాత్రం కలిసి రాలేదు. తెల్లారేసరికి వియన్నా. ఈ నగరం పేరు చెప్పగానే ఒపేరా గుర్తుకొస్తుంది. జులై, ఆగస్టుల్లో దానికి సెలవులు. ఆ లోటు తీర్చేది సిటీహాలు ముందరి మైదానం. 1991 నుంచి ప్రతి వేసవీ అక్కడ పెద్ద తెర కట్టి ఒపేరాలు, సంగీత కచేరీల సినిమాలు ఉచితంగా చూపిస్తున్నారు. చుట్టూ తినుబండారాల దుకాణాలు. మన ఊళ్లో తిరునాళ్లప్పుడు తెర కట్టి సినిమా వేసినట్టే! మంచినీళ్లకూ ఖర్చు లేదు. ఆల్ప్స్ కొండల ఊటనీటిని 1873 నుంచి గొట్టాల ద్వారా నగరానికి తెస్తున్నారు. కుళాయి తిప్పి సీసా నింపుకోవడమే.

ఆ సాయంత్రం పత్రికల దుకాణాల్లో ఎక్కడ చూసినా 1914 బొమ్మలే. మేం ఫ్రైబర్గ్‌లో రైలెక్కిన జులై 28కి ఓ లెక్క ఉందని అప్పుడు తెలిసింది. సరిగ్గా వందేళ్ల క్రితం అదే రోజున, వియన్నా రాజధానిగా ఉన్న ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది. అదే మొదటి ప్రపంచయుద్ధానికి నాంది. మన దేశం నుంచీ లక్షల మంది సైనికులు సముద్రాలు దాటి వెళ్లారు. సెర్బియా అయితే జనాభాలో పెద్ద భాగాన్నే పోగొట్టుకుంది. మా బెల్‌గ్రేడ్ నేస్తం ముత్తాత తిరిగి రాలేదట. ఆ మాట చెబుతూనే ఆ అమ్మాయి రొట్టె తుంచి అందరికీ పంచింది. వాళ్ల అమ్మ చేసి పంపిన ఎర్ర మిరపకాయల పచ్చడి రాసుకుని తిన్నాం. రుచి మన పండుమిరప పచ్చడికి దూరపు చుట్టం!

ఇనుప చెప్పుల దగ్గర

వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు మూడు గంటల లోపే. సరిహద్దు ఎప్పుడు దాటామో కూడా తెలీదు. ఫోన్‌కు కొత్త నెట్‌వర్క్ మెసేజ్ వస్తే తెలిసింది. ఒకప్పుడు ఇక్కడ ముళ్లకంచెలు, కాపలా బురుజులు ఉండేవి. 1989 ఆగస్టు 19న ఈ సరిహద్దులోనే షోప్రాన్ ఊరి దగ్గర రెండు వైపుల వాళ్లూ కలిసి ఓ వనభోజనం ఏర్పాటు చేశారు. కాసేపు గేటు తెరిచారు. అదే అదనుగా 600 మందికి పైగా తూర్పు జర్మన్లు ఆస్ట్రియాలోకి పరుగెత్తారు. కాపలాదారులు తుపాకి పేల్చలేదు. మూడు నెలలు తిరక్కుండానే బెర్లిన్ గోడ కూలింది.

బుడాపెస్ట్‌లో యూరో నడవదు. అప్పట్లో ఒక యూరోకు 300కు పైగా ఫోరింట్లు వచ్చేవి. చేతినిండా నోట్లు చూసుకుని మేం ఒక్కరోజు జమీందార్లమైపోయాం. 1913 నాటి సెచెనీ వేడినీటి స్నానశాలలో పెద్దాయనలు గుండెల లోతు నీళ్లలో నిలబడి చదరంగం ఆడుతుంటే గంటసేపు చూశాం. 1896 నుంచి నడుస్తున్న బుల్లి భూగర్భ రైలెక్కాం.

సాయంత్రం డానుబ్ ఒడ్డుకు వెళ్లాం. పార్లమెంటు భవనానికి దగ్గర్లో గట్టు అంచున 60 జతల ఇనుప చెప్పులు, బూట్లు వరసగా ఉంటాయి. ఆడవాళ్లవి, మగవాళ్లవి, చిన్నపిల్లలవి. 1944-45 చలికాలంలో హంగరీ ఫాసిస్టులు యూదులను ఇక్కడికి తెచ్చి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలోకి తోసేశారు. ఆ గుర్తుగా 2005లో వీటిని పెట్టారు. చిన్న బూట్లలో ఎవరో మిఠాయిలు ఉంచారు. వరంగల్ తమ్ముడు వెనక్కి వెళ్లి ఓ పూలగుత్తి కొనుక్కొచ్చి అక్కడ పెట్టాడు.

ఆ రాత్రే ఆఖరి భోజనం. గోంగూర సీసా అడుగు గీకేశాం. మర్నాడు కెలెటి స్టేషన్‌లో మొదట బెల్‌గ్రేడ్ రైలు కదిలింది. తర్వాత మిగిలిన ఇద్దరూ విమానాశ్రయం బస్సెక్కారు. మ్యూనిక్ వెళ్లే రాత్రి రైలు కోసం మేమిద్దరం ప్లాట్‌ఫాం మీద మిగిలాం. 'అక్కా, ఐదుగురికి వండుడు అలవాటైంది' అన్నాడు తమ్ముడు. అంతకుమించి ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

ఇల్లు చేరాక అతను నోటుబుక్ తండ్రి చేతికిచ్చాడు. పాసుతో కలిపి మొత్తం 480 యూరోలు. అప్పటి లెక్కలో దాదాపు 39 వేల రూపాయలు. ఆయన కొట్లో కూర్చుని ప్రతి పద్దూ చదివారట. ఖర్చు ఎక్కువైందని గానీ, తక్కువైందని గానీ అనలేదు. ఒకే ఒక్క పద్దు మీద వేలు పెట్టి అడిగారట.

"600 ఫోరింట్లు, పువ్వులు... ఇవి ఎవరికి బిడ్డా?"

కొడుకు చెప్పాడు. ఆయన పుస్తకం మూసి, బ్యాంకు కాగితాలుండే పెట్టెలోనే దాచారు. అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది. ఆ 39 వేల గురించి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదని తమ్ముడు ఇప్పటికీ చెబుతుంటాడు.

మీ పిల్లలూ వెళ్తున్నారా?

ఈ పదేళ్లలో తెలుగు ఇళ్ల నుంచి యూరప్ చదువులకు వెళ్లే పిల్లలు బాగా పెరిగారు. చదువు చివర్లో 'తిరిగొస్తాం' అని వాళ్లు ఫోన్ చేస్తే ఈ సంగతులు గుర్తుచేయండి.

షెంగెన్ ఒప్పందంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. వాటిలో ఒక దేశపు నివాస అనుమతి ఉన్నవారు మిగతా దేశాల్లో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల వరకు తిరగొచ్చు. ఆ కార్డు గడువు తీరేలోపే ప్రయాణం ముగియాలి. బ్రిటన్, ఐర్లాండ్ ఇందులో లేవు. వాటికి వీసా వేరే.

సరిహద్దులు తెరిచే ఉన్నా పాస్‌పోర్టు, నివాస కార్డు అసలువి దగ్గరుండాల్సిందే. 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నిటి మీదా మళ్లీ తనిఖీలు పెట్టింది.

యూరప్‌లో నివసిస్తున్నవారికి ఇంటర్‌రైల్ పాసు, బయటి నుంచి వచ్చేవారికి యూరైల్ పాసు. 27 ఏళ్ల వరకు వయసున్నవారికి రాయితీ ఉంటుంది. రాత్రి రైళ్లకు, చాలా వేగపు రైళ్లకు సీటు రిజర్వేషన్ డబ్బు విడిగా కట్టాలి. ఆరోగ్య బీమా ఆఖరి రోజు వరకు, వెళ్లే దేశాలన్నిటిలో వర్తిస్తుందో లేదో ముందే చూసుకోవాలి.

పది రోజుల్లో పది దేశాలంటే గుర్తుండేవి స్టేషన్లే. మూడు నాలుగు ఊళ్లు చాలు. ఊళ్లు ఎక్కడికీ పోవు, ఉద్యోగం వచ్చాకైనా వెళ్లొచ్చు. ఆ స్నేహితులంతా ఒకేచోట, ఒకే వయసులో, ఒకే వంటింట్లో దొరికేది మాత్రం ఆ పది రోజులే. కాబట్టి ముందు ఎవరెవరు వస్తున్నారో తేల్చుకోమనండి. ఎక్కడికన్నది తర్వాత చూసుకోవచ్చు.